దవడకు కట్టుకున్న తువ్వాలు

నిద్రలో నేను పళ్ళు కొరుకుతున్నానని మా ఆయన చెప్పినప్పుడు ఒళ్ళు మండింది. ఆయన గురక వీధి చివరిదాకా వినిపిస్తుందని ఇన్నేళ్ళలో నేనెవరికైనా చెప్పానా? కడుపులో నులిపురుగులుంటే అలాగే కొరుకుతారని మా అత్తగారు తేల్చేసి, చిన్నపిల్లకు ఇచ్చినట్టు నాకో మాత్ర ఇచ్చారు. మారుమాట్లాడకుండా మింగాను. పురుగులే అయితే బాగుండునని దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను.

ఎందుకంటే పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయి ఉండేది. చెవి దగ్గర మొదలైన నొప్పి కణత దాకా పాకేది. ఇడ్లీ ముక్క పెట్టుకోవాలన్నా నోరు సరిగ్గా తెరుచుకునేది కాదు. మా నాన్నకు కూడా అలాగే మొదలైంది.

బాపట్లలో మా నాన్న జర్దా కిళ్ళీ లేకుండా వీధి మలుపు దాటేవాడు కాదు. ముందు నోరు తెరుచుకోవడం తగ్గింది. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, మూడు వేళ్ళు నిలువునా నోట్లో పెట్టి చూసుకునేవాడు. కొన్నాళ్ళకు రెండే పట్టాయి. ఆ తర్వాత చూసుకోవడం మానేశాడు. క్యాన్సర్ అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, నోటి జబ్బు అనేవాళ్ళం. పోయాక, అందరికీ కట్టినట్టే, ఆయన భుజం మీద ఉండే పేరాల నేత తువ్వాలుతో గడ్డం కింద నుంచి నడినెత్తికి కట్టు కట్టారు. అన్నాళ్ళూ తెరుచుకోని నోటికి మళ్ళీ కట్టెందుకని నాకు ఏడుపులోనే కోపం వచ్చింది.

నేను జర్దా ముట్టను. కానీ భోజనం కాగానే వక్కపొడి పడాల్సిందే. ఇప్పుడా డబ్బాను చూసినా భయమే. రేపల్లెలో మా ఇంటి స్నానాలగదిలో గడియ పెట్టుకుని వేళ్ళు పెట్టి చూసుకునేదాన్ని. రెండే పట్టేవి. డాక్టరు ఆ జబ్బు పేరు ఎక్కడ చెబుతారోనని వెళ్ళలేదు. భయపడుతున్న కొద్దీ నిద్రలో ఇంకా గట్టిగా కొరికేదాన్నట.

ఒక మధ్యాహ్నం నొప్పికి తాళలేక ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టుకున్నాను. మూట జారకుండా ఉంటుంది, కునుకులో పళ్ళూ కొరకను అని, తువ్వాలుతో గడ్డం కింద నుంచి నెత్తిమీదికి ముడివేసి పడుకున్నాను. అదీ తెల్ల తువ్వాలు. అంత తెలివి నాది. బాపట్ల హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి ఆ రోజే చెప్పకుండా ఇంటికి వచ్చింది.

మెలకువ వచ్చేసరికి అది ముడి విప్పలేక గోళ్ళతో పీకుతోంది. నేను కళ్ళు తెరిచాక కూడా ఆపలేదు.

"తాతయ్యకి ఇలాగే కట్టారమ్మా," అంది. "నువ్వెందుకు కట్టుకున్నావు?"

అప్పుడు అంతా చెప్పేశాను, అద్దం ముందు వేళ్ళ సంగతితో సహా. మర్నాడే నన్ను తెనాలి రైలెక్కించింది. ప్రతి స్టేషన్లోనూ దిగిపోదామనిపించింది. పళ్ళ డాక్టరమ్మకు మా నాన్న సంగతి అమ్మాయే చెప్పింది. ఆవిడ లైటు వేసి బుగ్గల లోపల తడిమి చూస్తున్నంతసేపూ నేను ఆవిడ ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"మీ నాన్నగారికొచ్చింది ఇది కాదండి," అన్నారు.

లోపల మచ్చలూ పుండ్లూ లేవని, నిద్రలో దవడ కండరాలు విశ్రాంతి లేకుండా పనిచేసి బిగిసిపోతున్నాయని చెప్పారు. రాత్రిళ్ళు పళ్ళకు పెట్టుకోవడానికి ఒక తొడుగు చేయిస్తామన్నారు. వక్కపొడి మాత్రం మానేయమన్నారు. నేను ఆ కుర్చీలోనే ఏడ్చేశాను.

తొడుగు పెట్టుకుంటున్నాను. నొప్పి చాలావరకు తగ్గింది. భయం కూడా పోయిందనే అనుకున్నాను.

మొన్న అమ్మాయి సెలవులకు వచ్చింది. పొద్దున్నే స్నానాలగది తలుపు ఓరగా తీసి ఉంది. అది అద్దం ముందు నిలబడి, మూడు వేళ్ళు నిలువునా నోట్లో పెట్టి చూసుకుంటోంది. నన్ను చూడగానే వేళ్ళు తీసేసి, పళ్ళు తోముకోబోతున్నట్టు బ్రష్షు అందుకుంది.