రెండో గడిలో ఊరు

ఏ ఫారంలో చూసినా చిరునామాకి రెండు గడులుంటాయి. మొదటిది ప్రస్తుతం ఉంటున్నది, రెండోది శాశ్వతమైనది. జంషెడ్‌పూర్‌లో మా భుయ్యాడీహ్ సందులో తెలుగువాళ్ళందరికీ ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ రెండు గడులూ నింపిపెట్టింది నేనే. మొదటి గడిలో ఈ సందు రాసేదాన్ని. రెండో గడిలో, వాళ్ళ పెద్దలు శ్రీకాకుళం వైపు ఏ ఊళ్ళో రైలెక్కి వచ్చారో ఆ ఊరు రాసేదాన్ని. అడిగి అడిగి, మండలంతో సహా, ఒక్క కొట్టివేత లేకుండా రాసేదాన్ని. ఇప్పుడు మా ఇళ్ళ మీదికి వచ్చింది ఆ రెండో గడే.

నేను టీచర్ని. ఒకప్పుడు ఇక్కడి బళ్ళలో తెలుగు సెక్షన్లుండేవి. అలాంటి ఒక బళ్ళో పాఠాలు చెప్పాను. పిల్లలు తగ్గారు, సెక్షన్ మూసేశారు, నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టారు. పుస్తకాలూ నేనూ ఒకరి దుమ్ము ఒకరం దులుపుకుంటూ రిటైరయ్యాం. బళ్ళో జనం తగ్గినా, ఆదివారం పొద్దున్న మా గుమ్మం ముందు సిమెంటు మెట్ల మీద మాత్రం తగ్గలేదు. రేషన్ కార్డు, గ్యాసు, ఓటరు చీటీ, గేటు పాసు, పిల్లల బడి. ఫారాలు నింపీ నింపీ నేనే ఒక ఫారం కోడినయ్యానని మా ఆయన నవ్వేవారు. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని సందంతా మెచ్చుకునేది. ఆ ముత్యాలే ఇప్పుడు ఒక్కో ఇంటి మెడకీ ఒక్కో పేట చొప్పున తగులుకున్నాయి.

ఎందుకలా రాశానని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నన్ను నేనూ అడుగుతున్నాను. జంషెడ్‌పూర్‌ని మాలో ఎవరూ ఊరు అనేవారు కాదు. 'ఇక్కడ' అనేవారు. ఊరంటే అక్కడిదే. మా నాన్న ఇక్కడి ఉక్కు కార్ఖానాలో చేరిన రోజు నుంచి కన్నుమూసిన రోజు దాకా, పని కాగానే ఊరెళ్ళిపోతామనే చెప్పారు. నేను పుట్టింది ఇక్కడే, ఆ ఊరు నేను చూసింది రెండేరెండు సార్లు. రెండుసార్లూ దోమలు కుట్టాయన్నదే బాగా గుర్తు. అయినా రెండో గడి ఖాళీగా ఉంచితే నాన్నని తుడిచేసినట్టు ఉండేది. సందులో ప్రతి ఇంటికీ అంతే. పెన్ను పట్టుకుని, శాశ్వత చిరునామా ఏమిటని అడిగినప్పుడు వాళ్ళు కాస్త నిటారుగా కూర్చునేవారు. ఆ కూర్చోవడం చూడ్డానికే అడిగేదాన్నేమో.

వానలు వెలిశాక నోటీసులు అంటించారు. నది ఒడ్డున రోడ్డు వస్తుందట. సువర్ణరేఖకి దగ్గరగా ఉన్న మా వరస అంతా ఖాళీ చెయ్యాలట. ఇక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్నట్టు, ఇంకెక్కడా ఇల్లు లేనట్టు రుజువు చూపిస్తే బదులు ఇల్లు సంగతి ఆలోచిస్తారట. పదిహేను రోజుల గడువు. పేరుపేరునా పిలిచి వింటారు.

మొదటి పిలుపు మా పక్కింటి అప్పకి. సందంతా ఆవిడని అప్ప అనే పిలుస్తుంది. ఎనభై దాటిన మనిషి, పెళ్ళికూతురిగా ఈ ఇంటికే వచ్చింది. అప్పుడది మట్టి గోడ. తరవాత ఇటుక, తరవాత సిమెంటు. పక్కిల్లు పక్కా ఇల్లయ్యేసరికి ఆవిడ జుట్టు నెరిసింది. కొడుకు కాంట్రాక్టు పనిలో ఎప్పుడు ఏ షిఫ్టో తెలియదు. మనవరాలు బిష్టుపూర్‌లో బట్టల షోరూంలో పని చేస్తుంది. అప్ప తెలుగులో అడుగుతుంది, ఆ పిల్ల హిందీలో జవాబిస్తుంది. ఇద్దరికీ ఎప్పుడూ ఇబ్బంది కాలేదు.

ఆ పదిహేను రోజులూ సందు చివర టీ కొట్టు దగ్గర ఇదే చర్చ. వెనకటి రోజులు బంగారమని ఒకరు, ఏం బంగారం, ఆరేసిన చీర మీద మసి దులపడానికే సగం ఆయుష్షు పోయేదని ఇంకొకరు. కార్ఖానా కూత వినే అన్నం వార్చేవాళ్ళమని, ఇప్పుడు కూత వినపడ్డా చెవిన పెట్టేవాళ్ళు లేరని ఇంకొకరు. సిద్ధగోరా వైపు లేచిన మేడలు చూసి వచ్చిన మా సందు రిటైర్డ్ క్రేన్ ఆపరేటరు మాత్రం ఒకటే మాట అన్నాడు.

"ఊరు బాగుపడిపోనాది టీచరమ్మా. మనవే దానికి అడ్డు."

కోపంగా అనలేదు. టీ చల్లారిందన్నట్టు అన్నాడు. రోడ్డు నిజంగానే అవసరం. ఒక వానాకాలం అంబులెన్సు మా సందులోకి రాలేకపోయింది. మా ఆయన్ని నలుగురు మంచం మీద మోసుకెళ్ళాల్సి వచ్చింది. రోడ్డు రావాలని ఆ రోజు దేవుణ్ణి వేడుకున్నదాన్ని నేనే. దేవుడు వినకపోవడమేం లేదు, మనం చిరునామా సరిగా చెప్పాలంతే.

విచారణకి అప్ప, మనవరాలు, నేను వెళ్ళాం. అప్ప కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో తెచ్చింది. ఒక్కటీ పారేయలేదు. చనిపోయిన వాళ్ళాయన కార్ఖానా గేటు పాసు ఫారం కాపీ, పాత రేషన్ కార్డు ఫారం, కొడుకు బడి ఫారం. అన్నిటి మీదా నా ముత్యాలే. విచారణ చేసే ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్థుడు. ఒక్కో కాగితం తిప్పాడు. ప్రతి దాని మీదా అదే చోట వేలు ఆనించాడు. చివరికి తలెత్తి, "మాతాజీ, ఆప్ కా ఘర్ తో ఉధర్ హై న?" అన్నాడు.

మీ ఇల్లు అక్కడుంది కదా అని. వెటకారం లేదు. నిజంగానే ఆవిడ మేలు కోరి అడిగినట్టు అడిగాడు.

అప్ప నా వైపు తిరిగింది. "ఏటమ్మా, తప్పు రాసీసినావేటి?"

"మీరు చెప్పిందే రాశానప్పా."

"నాను సెప్పింది ఊరమ్మా. ఇల్లని నాను సెప్పినేదు. ఆ ఇల్లు నా పెళ్ళయిన మూడో యేడే తుపానుకి పడిపోనాది."

ఆ మాటనే నేను హిందీలో చెప్పాను. శాశ్వతమంటే మా భాషలో పెద్దలు పుట్టిన చోటు, మేం ఉండే చోటు కాదని కూడా వివరించబోయాను. టీచర్‌గిరీ ఊరికే పోదు. ఆయన ఓపిగ్గా విని, అయితే అక్కడ ఏమీ లేదని అక్కడి వాళ్ళ దగ్గర్నుంచే కాగితం తెమ్మన్నాడు. దానికి తోడు, వేరే ఊరు లేదని ఈవిడ ప్రమాణ పత్రం కూడా కావాలన్నాడు. వారం గడువు.

ఊరికి ఫోన్ చెయ్యడానికి నంబరు దొరకడమే రెండు రోజులు పట్టింది. చివరికి పంచాయతీ ఆఫీసులో ఎవరో ఎత్తారు. వెతికి చెప్తానని, మర్నాడు తనే చేశాడు. ఆ ఇంటిపేరు వాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరని, పాత పుస్తకాల్లో కూడా కనపడలేదని చెప్పాడు. అదే రాసిమ్మన్నాను. దానికేముందండీ, మీరు మా వాళ్ళు కారని రాయడానికి నాకేం, అన్నాడు. సాయంత్రానికి మనవరాలి ఫోన్లో ఆ కాగితం ఫొటో వచ్చింది. ముద్ర, సంతకం, అన్నీ ఉన్నాయి. అప్పకి ఊరి నుంచి ఉత్తరం రాక చాలా ఏళ్ళయింది. చదివి వినిపించమంది. వినిపించాను. విని, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. అప్పటికే సర్దిన గిన్నెలు.

ప్రమాణ పత్రం కోర్టు గోడ పక్కన బల్ల వేసుకున్న టైపిస్టు కొట్టాడు. మాటలు నేనే చెప్పాను, ఈసారి దస్తూరి నాది కాకపోవడం కాస్త ఊరట. ఫలానా ఊరితో నాకు ఏ సంబంధమూ లేదు, అక్కడ నాకు ఇల్లు గాని భూమి గాని మనుషులు గాని లేరు, భుయ్యాడీహ్ తప్ప నాకు వేరే ఊరు లేదు. అప్ప తెలుగులో ఇంకోసారి చెప్పమంది. మెల్లగా చెప్పాను. 'మనుషులు గాని' అన్న మాట మాత్రం త్వరగా దాటేశాను.

"సంతకం ఎక్కడెట్టాల?" అంది.

వేలిముద్ర చాలన్నాడు టైపిస్టు. ఆవిడ ఒప్పుకోలేదు. సంతకం నేర్పింది నేనే, పదేళ్ళ కిందట, మా గుమ్మం మెట్ల మీద, పలక పెట్టి. తెలుగులోనే నేర్పాను, మనవాళ్ళ పద్ధతిలో, ముందు ఇంటిపేరు, తరవాత పేరు. వాళ్ళ ఇంటిపేరు ఆ ఊరి పేరే. రెండూ వేర్వేరు గడుల్లో రాస్తూ వచ్చినందుకేమో, అది నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఆవిడ కాగితం మీద వంగి, ఏ ఊరితో తనకి సంబంధం లేదని పైన రాయించుకుందో ఆ ఊరినే కింద ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. చాలాసేపు పట్టింది. టైపిస్టుకి ఆ లిపి రాదు. స్టాంపు కొట్టేశాడు.

ఆఫీసులో కాగితాలు తీసుకున్నారు. కానీ రసీదు ఇవ్వలేదు. చూస్తామన్నారు. ఆ మర్యాదస్థుడైన ఆఫీసరు సెలవులో ఉన్నాడట. కిటికీ దగ్గర మనిషి మా కాగితాన్ని ఒక దొంతర అడుగున పెట్టాడు. ఆ దొంతర ఎత్తు చూశాక అప్పని తీసుకుని బయటికి వచ్చేశాం.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ముగ్గురం ఒదిగి కూర్చున్నాం. నా సంచిలో నా ఫారం ఉంది. నా పిలుపు గురువారం. అందులోనూ రెండో గడిలో నాన్న ఊరే ఉంది, పాత ఫారాలన్నిటిలో లాగే చక్కటి అక్షరాల్లో. దాన్నిప్పుడు ఎలా కొట్టెయ్యాలో ఆలోచిస్తున్నాను. మెత్తగా గీతా, గట్టిగా గీతా అని. ఇన్నేళ్ళలో ఒక్క కొట్టివేత లేకుండా రాసినదానికి ఆ పని చేతకాదని అప్పుడే తెలిసింది.

అప్ప బయటికి చూస్తూనే నన్ను అడిగింది.

"ఒలమ్మా, మరి నాను సచ్చిపోతే సావు కాగితంలో ఏ ఊరని రాత్తావు?"

డ్రైవరు పక్కన వంగి కూర్చున్న మనవరాలు వెనక్కి తిరక్కుండానే, "యహీఁ కా, దాదీ. ఔర్ కహాఁ కా," అంది. ఇక్కడిదే, ఇంకెక్కడిది.

సందు మొదట్లో ఆటో ఆగింది. మేం లేని పూట ఎవరో వచ్చి వెళ్ళారు. మా వరసలో ప్రతి గోడ మీదా ఎర్ర రంగుతో కూల్చివేత అంకెలు వేసి ఉన్నాయి. అప్ప గోడ మీద తొమ్మిది, నా గోడ మీద పది. రంగు ఇంకా ఆరలేదు. అప్ప దగ్గరికి వెళ్ళి కొంగుతో తుడవబోయింది. అంకె పోలేదు. కొంగు ఎర్రబడింది.