రత్నం పెట్టని సంతకం

కొవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను అరకులోని ఒక పరిశోధన కేంద్రానికి డైరెక్టరుగా వేశారు. అంతవరకు విశాఖపట్నంలో న్యూరాలజీ ప్రొఫెసర్ని. డిమెన్షియా, అంటే ముసలితనంలో జ్ఞాపకాన్నీ తెలివినీ మెల్లగా తినేసే మెదడు జబ్బు, కొండల్లోని గిరిజన వృద్ధుల్లో ఎలా ఉంది, మైదానంవాళ్లతో పోలిస్తే వీళ్లకి వైద్యం ఎంత ఆలస్యంగా అందుతోంది అన్నది తేల్చడం మా పని.

పద్ధతి ఇదీ. ఫీల్డు వర్కరు ఇంటికెళ్లి, చదువుతో పనిలేని ప్రశ్నలతో జ్ఞాపకాన్ని పరీక్షిస్తుంది. ఇంట్లోవాళ్లని విడిగా అడిగి, రోజువారీ పనుల్లో ఏం మారిందో రాసుకుంటుంది. ఆపైన డాక్టరు చూస్తాడు. తర్వాత అందరం కూర్చుని జబ్బు పేరు ఖాయం చేసి రిజిస్టరులో ఎక్కిస్తాం. ఫారం మీద ఫీల్డు వర్కరు సంతకం, నా సంతకం రెండూ ఉండాలి. రక్తపరీక్షలు ఆ తర్వాతే, అదీ కేంద్రానికి దిగి రాగలిగినవాళ్లకే. నమూనాలు మంచుపెట్టెలో విశాఖ ల్యాబుకి చేరాలి గనక అలా పెట్టుకున్నాం. దిగివచ్చేవాళ్లు చాలా తక్కువ.

అనంతగిరి వైపు ఒక కొండ ఊళ్లో సుక్రి అనే వృద్ధురాలు ఉండేది. ఊరందరి విత్తనాలూ ఆవిడ దగ్గరే. సామలు ఏ కుండలో ఉన్నాయో, చోళ్లు, అంటే రాగులు, ఎప్పుడు బయటికి తియ్యాలో ఆవిడే చెప్పాలి. ఆ ఏడు అన్నీ కలిపేసింది. కోడలు పిలిస్తే పలకడం మానేసింది. ఊరివాళ్లు కుండలు వేరే ఇంటికి మార్చేశారు. నేను వెళ్లేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ప్రతి ప్రశ్నకీ చాలాసేపు ఆగి తప్పు చెప్పింది. పావుగంటలో లేచి వచ్చేశాను.

మీటింగులో సుక్రి ఫారం మీద డిమెన్షియా అని రాసి, ఫీల్డు వర్కరు రత్నం ముందుకు జరిపాను. రత్నం ఆ మండలం మనిషే. నర్సింగు చదివింది, సుక్రి మాట్లాడే ఆదివాసీ ఒడియా కూడా వచ్చు. ఆవిడ పెన్ను తియ్యలేదు.

“సంతకం ఎట్టను సార్. ఆ మడిసి ఎండలో కూకుని చలేత్తందంటంది. గొంతు మారిపోనాది. మొకం ఉబ్బరించీసింది.”

అయితే ఏ జబ్బంటావని కొంచెం కటువుగానే అడిగాను.

“పేరు నాకు తెల్దు. విశాకలో మీ ఆస్పత్రికొచ్చినోళ్లకి రగతం తియ్యకండా ఇలాగే రాసెత్తారా సార్?”

ఫారం వెనక్కి తీసుకున్నాను. అక్కడ ఎవరికీ అలా రాయలేదు.

రెండు రోజులకి రత్నమే ఆ ఊరెక్కి రక్తం తీసి, జీపులో అరకు తెచ్చి విశాఖ బస్సెక్కించింది. రిపోర్టు చూశాక సిగ్గుపడ్డాను. సుక్రికి థైరాయిడ్ గ్రంథి దాదాపుగా పనిచెయ్యడం లేదు. మనిషి మందగించడానికి, మరుపుకి, చలికి అదే కారణం కావచ్చు. రోజుకొక మాత్రతో లొంగే జబ్బు. వయసైన గుండె కదా అని చిన్న డోసుతో మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి పరీక్ష చేసి పెంచాం. మాత్ర పరగడుపున వేయించే పని కోడలు తీసుకుంది.

చలికాలం చివర మళ్లీ వెళ్లాను. సుక్రి వాకిట్లో చేట పట్టుకుని సామలు చెరుగుతోంది. నన్ను తేరిపార చూసి తెలుగులోనే అంది.

“నువ్వేటి, అప్పుడొచ్చినోడివేనా? అప్పుడు నాకు మాట రానేదు. ఇప్పుడడుగు.”

అడిగాను. రెండు తప్పులు తప్ప అన్నీ సరిగ్గా చెప్పింది. ఆ ఏడు వానలు పడేసరికి విత్తనాల కుండలు తిరిగి ఆవిడ ఇంటికి చేరాయి.

అప్పటికే రిజిస్టరులో ఎక్కించినవాళ్లందరికీ ఇళ్లకెళ్లి రక్తం తీశాం, చూపూ వినికిడీ కూడా పరీక్షించాం. ఎక్కువమందిది నిజంగా డిమెన్షియాయే. కొద్దిమందిది కాదు. ఒకరికి విటమిన్ లోపం, ఇంకొకరికి చెవుడు. పని నెలల తరబడి వెనకబడింది. నిధులిచ్చినవాళ్లు సంజాయిషీ అడిగితే జరిగింది జరిగినట్టు రాశాను. పద్ధతి మార్చాం. రక్తపరీక్ష రిపోర్టు రాకుండా ఎవరి పేరూ ఎక్కించకూడదు.

మందు ఉన్న కారణాలన్నీ వెతికాకే మందులేని జబ్బు పేరు రాయాలి. ఇది నేను పాతికేళ్లు విద్యార్థులకి చెప్పిన పాఠమే. పట్నంలో పాటించాను, కొండమీద పాటించలేదు. మా కేంద్రం కొలవవలసిన తేడాల్లో అదొకటని నాకు చూపించినందుకు రత్నానికి కృతజ్ఞుణ్ణి. రిటైరయ్యే ముందు నా చివరి నివేదికలో ఆ సంగతి ఆవిడ పేరుతోనే రాశాను.