వదిన వెలిగారం

మా వదిన కంసాలి ఇంటి ఆడపడుచు. ఏ అతుకు పెట్టాలన్నా ముందు వెలిగారాన్ని నీళ్లతో రాతిమీద అరగదీసి, కోడి ఈకతో పూసేది, చంటిపిల్లకు కాటుక దిద్దుతున్నంత మెల్లగా. "ఇది లేకుంటె వెండి పారదు" అనేది ప్రతిసారీ.

దబీర్‌పురాలో మా ఇంటి డాబా మీద అన్న బొమ్మ ఆవిరి ఇంజను చేస్తూ, రాగి బాయిలరు అతుకులకు సీసం టాంకా కరిగించి పోశాడు. నిప్పు మీద కూర్చునే బాయిలరుకు సీసమా! రేడియో తీగలకు వాడేదాన్ని దేనికైనా సరేనని అంటగట్టే దుకాణదారులను ఏమనాలి? పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నవాణ్ణి, ఎంతో మొత్తుకున్నాను. అన్న వినలేదు. మంట పెట్టగానే అతుకులన్నీ కరిగి జారాయి.

"మూసీల పారేస్త దీన్ని!" అని లేచాడు అన్న.

వదిన తన తెగిన వెండి పట్టీని ఇత్తడి ముక్కతో కలిపి కరిగించి, కొత్త టాంకా చేసింది. అతుకుల్లో మిగిలిన సీసమంతా గీకేసి వెలిగారం పూసింది.

"నీ పట్టీ ఎందుకే?" అన్నాడు అన్న.

"పెట్టెల ఉండి ఏం జేస్తది? మంట పట్టు. టాంకా మెరవంగనే తియ్యి, లొల్లి జెయ్యకు."

మెరిసింది. చల్లారాక నీళ్లు నింపి చూశాం, చుక్క కారలేదు. ఇంజను కూత పెట్టేసరికి పక్కింటి పావురాలన్నీ ఎగిరిపోయాయి. అన్న పగలబడి నవ్వాడు. వదిన తన నడుం మీద చెయ్యి పెట్టుకుని అతన్నే చూస్తూ అంది:

"పెండ్లినాడు గూడ గిట్ల నవ్వలే గదయ్యా నువ్వు!"