ముందు బెజ్జం

స్నోమొబైల్ వెనక సస్పెన్షన్‌ని ట్రామ్‌లో తీసుకువెళ్లవచ్చా అన్న సందేహం ఎవరికైనా ఉంటే ముందే చెబుతున్నాను, నిక్షేపంగా తీసుకువెళ్లవచ్చు. అంచులకు పాత దుప్పటి చుట్టి, చక్రాల ట్రాలీకి కట్టి, తోటివాళ్ల మోకాళ్లకు తగలకుండా చూసుకుంటే చాలు.

ఈ ప్రయాణానికి కారణం ప్రసాద్ అంకుల్ ఫోను. ఆయనది గుంటూరు. కాన్‌బెరాలో చాలా ఏళ్లు ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. భార్య లలిత ఆంటీ డాక్టరు. చలికాలం వస్తే ఇద్దరూ స్నోయీ మౌంటెన్స్‌కు మకాం మారుస్తారు. ఆయన అక్కడ ఒక స్కీ లాడ్జి బాగోగులు చూస్తారు. ఆవిడ కొండ మీది క్లినిక్‌లో, స్కీ చేస్తూ పడినవాళ్ల చేతులూ భుజాలూ సరిచేస్తారు. లాడ్జికీ క్లినిక్‌కీ మధ్య ఆ రోజుల్లో రోడ్డు ఉండదు. అంతా మంచే. పర్మిట్ ఉన్న స్నోమొబైలే గతి. గడ్డకట్టిన గతుకుల మీద అది రోజూ రెండు పూటలా ఎగరేసి కుదేస్తుంటే ఆంటీ నడుము పట్టేసింది.

"మీ ఆంటీ ఈ సీజన్‌తో క్లినిక్ మానేస్తానంటోంది శ్రీధర్. మానేస్తే రెండు రోజులు కూడా ఇంట్లో కూర్చోలేదు, నాకు తెలుసు. మొన్న వేరే కంపెనీ బండెక్కితే నడుముకి హాయిగా ఉందంది. ఆ కంపెనీ సస్పెన్షన్ మన బండికి వేసేద్దాం. అక్కడే గంగాలిన్‌లో ఒకాయన అమ్ముతున్నాడు. నువ్వది పట్టుకుని వచ్చెయ్. నాకో చెయ్యి సాయం కూడా కావాలి."

"కొత్త బండే కొనొచ్చు గద అంకుల్?"

"ఇంజను లక్షణంగా ఉంటే బండెందుకయ్యా మార్చడం?"

నాది కరీంనగర్. ఇక్కడ కాన్‌బెరాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరుని. బోల్టు ఏదో నట్టు ఏదో చెప్పగలను, అంతకుమించి నన్నేమీ అడగకూడదు. అయినా ఆంటీ కోసం అనేసరికి కాదనలేకపోయాను. కారు మా అమ్మాయి యూనివర్సిటీకి తీసుకుపోయింది. నేను ట్రామెక్కుతున్నానని విని, "నాన్నా, ప్లీజ్ డోంట్ టెల్ ఎనీవన్ యూ నో మీ" అంది.

శనివారం పొద్దున్నే గంగాలిన్‌లో సస్పెన్షన్ తీసుకుని ఏడింటి ట్రామ్ ఎక్కాను. ఎదుటి సీటులో ఉన్న పెద్దావిడ నా ట్రాలీని చాలాసేపు చూసి, అది మడత మంచమా అని అడిగింది. మంచు బండి వెనక కాళ్లండీ అన్నాను. "పాపం, త్వరగా తీసుకెళ్లి అతికించు" అని దిగిపోయింది.

సిటీలో స్కీ బస్సు పట్టుకోవాలి. పెద్ద సామాను ఉంటే టికెట్ కొన్నప్పుడే చెప్పండి. నేను చెప్పాను కాబట్టి డ్రైవరు కిమ్మనకుండా స్కీ కట్టల పక్కన చోటిచ్చాడు. కూమాలో బస్సు ఆగింది. అందరూ మాంసం కూరిన పైలు తింటుంటే నేను ఇంటి పులిహోర విప్పాను. కూమా దాటాక చెట్టనేది లేని గడ్డి కొండలు, నున్నటి బండరాళ్లు. తరవాత ఒక మలుపులో జిండబైన్ సరస్సు, దాని వెనక తెల్లటి కొండల వరస ఒక్కసారిగా కనబడ్డాయి. ఇన్నేళ్లుగా రెండున్నర గంటల దూరంలో ఉండి కూడా ఇది చూడలేదేమని నన్ను నేనే తిట్టుకున్నాను.

బుల్లక్స్ ఫ్లాట్ దగ్గర బస్సు దిగి సొరంగం రైలెక్కాలి. ఈ రైలు కొండ కడుపులోంచి పైకి పాకుతుంది. ఎక్కినప్పుడు బయట పచ్చగడ్డి, దిగినప్పుడు నిలువెత్తు మంచు. ఇంతటి కొండను తొలిచి రైలు నడిపినవాళ్లకు మనసులోనే దండం పెట్టాను. పక్కన కూర్చున్న స్కీ లిఫ్టు ఆపరేటరు నా మూట సంగతి కనుక్కున్నాడు.

"డాక్టర్ లలితకా? జారిన నా భుజం ఆవిడే ఎక్కించింది. నొప్పి తెలియకుండా క్రికెట్ కబుర్లు చెప్పింది. ఇదే ఆఖరి సీజనంటున్నారు, నిజమేనా?"

"నా చేతిలో ఉన్నది సరిగ్గా కూర్చుంటే కాదు" అని చెబుదామనుకున్నాను గానీ ధైర్యం చాలక తెలియదన్నాను.

పైన స్టేషన్లో అంకుల్ బండితో సిద్ధంగా ఉన్నారు. బండికి ముందు రెండు స్కీలు, వెనక ఒక వెడల్పాటి రబ్బరు పట్టా. ఆ పట్టా లోపల స్ప్రింగులతో ఉండే ఇనప చట్రమే సస్పెన్షన్. పాతదాని మీద నా ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. లాడ్జి చేరేసరికి నా పళ్లన్నీ ఉన్నాయో లేదో నాలుకతో చూసుకున్నాను. ఆంటీ గోడ పట్టుకుంటూ వచ్చి తలుపు తీశారు. "రా నాయనా, రసం వేడిగా ఉంది" అన్నారు. రెండో చెయ్యి నడుము మీదే ఉంది.

మర్నాడు ఆదివారం పొద్దున షెడ్డులో పని మొదలుపెట్టాం. పాత చట్రం బండి కడుపుకి నాలుగు బోల్టులతో వేలాడుతుంది, ముందు రెండు, వెనక రెండు. వాటిని విప్పి, బండిని పక్కకు ఒరిగించి, పట్టాలోంచి చట్రాన్ని బయటికి లాగాం. కొత్తది వెడల్పు కాస్త తక్కువ. అంకుల్ అది ముందే ఊహించి, సందు పూడ్చడానికి గొట్టం ముక్కలు కోసి పెట్టుకున్నారు. ఆ కోతల నునుపు చూస్తే ముచ్చటేసింది. కంపెనీ మారితే బోల్టుల చోట్లూ మారతాయి గనక అల్యూమినియం గోడకు కొత్త బెజ్జాలు వెయ్యాలి. రెండు వైపులా ముందొకటి, వెనకొకటి సుద్దతో గుర్తులు పెట్టారు. ఆయన అవతలి వైపు పడుకుని చట్రాన్ని ఎత్తి పట్టుకున్నారు. నేను డ్రిల్లు పట్టుకుని ఇవతల తోక వైపు కూర్చున్నాను.

"శ్రీధర్, ముందు బెజ్జం వెయ్యి!"

వేశాను. ఒక్క ఊపులో, గుండ్రంగా పడింది. నాకే గర్వంగా అనిపించింది.

"ఇక్కడ చట్రం అదరనే లేదేంటి? ఏది వేశావ్?"

"ఇదే అంకుల్, నా దగ్గరున్నది."

"అది వెనకది కదయ్యా! ముందుది వెయ్యమంటే!"

"మీరు ముందు బెజ్జం వెయ్యమన్నరు. సరే, మిగతా పనికన్న ముందు బెజ్జమే గావొచ్చు అనుకున్న."

"ముందు బెజ్జం అంటే ముందున్న బెజ్జం!"

"దాన్ని ముంగటి బెజ్జం అనాలె గద అంకుల్!"

మా వైపు ఎదురుగా ఉన్నది ముంగట. మొదట చేసేది ముందు. గుంటూరు వాళ్లకు రెండూ ముందే. ఈ తేడా నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. డ్రిల్లు చేతిలో ఉన్నప్పుడు మాత్రం గుర్తురాలేదు.

"సర్వీసంతా ఫ్రంటూ రియరూ అని ఇంగ్లీషులో ఏడ్చినవాణ్ణి. ఇవాళే నాకు తెలుగు పొంగుకొచ్చింది" అని అంకుల్ నుదురు కొట్టుకున్నారు.

చిక్కేమిటంటే, ముందు బోల్టే చట్రానికి కుదురు. అది బిగించి, చట్రాన్ని జాకీతో పైకీ కిందికీ ఆడించి చూస్తేనే వెనక బోల్టు అసలు చోటు తేలుతుంది. సుద్ద గుర్తు ఉజ్జాయింపు మాత్రమే. ముంగటిది వేసి అలా చూస్తే అసలు చోటు నా బెజ్జానికి బొటనవేలంత దూరంలో తేలింది. పలచటి గోడలో రెండు బెజ్జాలు అంత దగ్గరగా ఉంటే, ఏదో ఒక గతుకులో రేకు చీలుతుంది. అంకుల్ బోర్లించిన బకెట్ మీద కూలబడ్డారు. తిట్టినా బాగుండేది. సాయానికని వచ్చి ఆంటీ పని చెడగొట్టానే అని నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడే ఆంటీ టీ తెచ్చారు. సంగతంతా విని నడుము పట్టుకుని నవ్వారు. "అబ్బ, నవ్వించకండి, నొప్పి!" అంటూనే వంగలేక వంగి ఆ రెండు చోట్లూ వేలితో తడిమారు.

"ఎముక విరిగితే మేం ప్లేటు వేసి స్క్రూలు బిగిస్తాం. మీకా మాత్రం తట్టలేదా?"

అంకుల్ లేచి నిలబడ్డారు. షెడ్డు వెనక, తుఫానుకు ఊడిపడ్డ లాడ్జి పాత పేరు బోర్డు ఉంది, మందపాటి అల్యూమినియం. దాన్ని కోసి, మూలలు గుండ్రంగా అరగదీసి, గోడకు లోపలా బయటా ఒక్కో పలక పెట్టి రివెట్లు కొట్టారు. బలం సమానంగా ఉండాలని రెండో వైపూ అలాగే చేశారు. ఈసారి డ్రిల్లు ఆయనే పట్టుకున్నారు. పని చేస్తున్నప్పుడు ఆ మనిషికి ఆకలీ చలీ తెలియవు. తన భార్య కూర్చోబోయే చోటును అంత శ్రద్ధగా చేస్తున్న మనిషిని చూస్తూ, నేను మా ఆవిడకు కనీసం సైకిల్ సీటైనా సరిచేశానా అని ఆలోచనలో పడ్డాను. సాయంత్రానికి నాలుగు బోల్టులూ కూర్చున్నాయి, పట్టా బిగువు కుదిరింది. ఆంటీ మాత్రం బండెక్కలేదు. "రేపు డ్యూటీకి ఎలాగూ ఎక్కాలిగా" అని లోపలికి వెళ్లిపోయారు.

సోమవారం నా తిరుగు ప్రయాణం. ఆంటీ నన్ను రైలు దగ్గర దింపి క్లినిక్‌కు వెళతానన్నారు. నేను వెనక కూర్చున్నాను. అంకుల్ గుమ్మంలో నిలబడి చెయ్యి కూడా ఊపలేదు, పలకల వైపే చూస్తున్నారు. మొదట ఆవిడ నెమ్మదిగా పోనిచ్చారు. రాత్రి చలికి బిగిసిన గతుకుల వరస రాగానే ఒళ్లంతా బిగపట్టారు. బండి దిగింది, లేచింది, మళ్లీ దిగింది. ఈసారి నా పళ్లు టకటకలాడలేదు. రెండో వరసకు ఆవిడ వేగం పెంచారు.

స్టేషన్ దగ్గర బండి దిగి నిటారుగా నిలబడ్డారు. చెయ్యి నడుము మీదికి పోలేదు.

"నొప్పి ఉంది. లేదని చెప్పను" అన్నారు. "కానీ ఎక్కేటప్పుడు ఎంతుందో అంతే ఉంది, పెరగలేదు. సరే గానీ, వచ్చే వింటర్‌కి మీ ఆవిణ్ణీ పిల్లనీ తీసుకురా. కొండ కనబడే గది మీకోసం ఉంచుతా."

"ఏ గది ఆంటీ?"

"ముంగటి గది" అన్నారు, అచ్చం నా యాసలోనే. హెల్మెట్ దించుకుని వెళ్లిపోయారు.

ఈ దారిలో వెళ్లేవాళ్లు వెచ్చటి చేతి తొడుగులూ తినడానికేదైనా వెంట ఉంచుకోండి. కిటికీ పక్క సీటు వదలకండి. దేశంలో నేను చూసిన చోట్లన్నిటిలోకీ నాకు నచ్చింది ఇదే. అందులో ఎంత కొండలదో ఎంత ఆ ఇద్దరిదో విడదీసి చెప్పలేను.

జిండబైన్ దాటుతుండగా అంకుల్ ఫోను చేశారు.

"పలకలు చప్పుడు చేశాయా?"

"లేదంకుల్."

"గతుకుల దగ్గర వెనక ఊగిందా?"

"ఊగలె."

"మీ ఆంటీ ఏమంది?"

"వచ్చే వింటర్ ముంగటి గది మాకే ఇస్తరట."

అవతల పానా కింద పడ్డ చప్పుడైంది.

"వచ్చే వింటర్ అందా? ఆ మాట ముందు చెప్పాలి కదయ్యా!"