టవర్ లేని ఆకాశం

పొద్దున్నే టీ గ్లాసుతో వాకిట్లో నిలబడి, ఒక కన్ను మూసి, చాచిన చేతి బొటనవేలితో దూరాన ఉన్న నీళ్ల ట్యాంకును మాయం చేసేది జెన్నీ. దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా కనబడేలా చేయడమే ఆమె ఉద్యోగం. మొయినాబాద్‌లో శశిధర్ నడిపే ప్లాట్ల ఆఫీసులో, కొనేవాళ్లు తెర మీదే వెంచర్ అంతా తిరిగి చూసే ప్రోగ్రాం ఆమె రాసింది.

అందులో నాలుగు అడ్డు, నాలుగు నిలువు వరుసల అంకెల మాత్రిక ఒకటుంది. లోతున్న లోకాన్ని చదును తెర మీదికి దించేది అదే. చూపు ఎంత వెడల్పుండాలో, ఎంత దూరం పోయి ఆగాలో కూడా అదే చెబుతుంది. వెడల్పు పెంచితే ఇరుకు ప్లాటు మైదానమవుతుంది. దూరం తగ్గిస్తే, ఆ హద్దు అవతలివేవీ తెర మీదికి రావు.

వెంచర్ చివర హైటెన్షన్ టవర్ ఉంది. దాన్ని చెరిపెయ్యమని శశిధర్ అడిగితే జెన్నీ ఒప్పుకోలేదు. అబద్ధం పాపం. దూరం అంకె కాస్త తగ్గించింది, అంతే. ఆదివారం చర్చిలో తలెత్తుకునే కూర్చుంది.

ఆ నెలలోనే తండ్రి బాలప్ప మిఠాయి డబ్బాతో వచ్చాడు. అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో తోటమాలి ఆయన. కిరాయి ఇంట్లోంచి బయటపడాలన్నదే ఆయన కోరిక.

"నీకు చెప్పకుండనే ప్లాట్ తీసుకున్న బిడ్డా, రిజిస్ట్రేషన్ గూడ అయింది. మీ ఆఫీసు తెర మీద చూసిన. చివరి లైన్ల, అడ్డమేది లేకుండ ఎంత ఖుల్లాగున్నదో!"

"పోయి చూసినవా బాపూ?"

"నా బిడ్డ చేసిన బొమ్మ చూసినంక మళ్ల ఎండల పోవుడెందుకు?"

ప్లాటు వెనక్కి తీసుకుని డబ్బివ్వమని మర్నాడు జెన్నీ శశిధర్‌ను బతిమాలింది. "రిజిస్ట్రేషన్ అయినంక వాపసేంది జెన్నీ? నీ బొమ్మ చూసే గద తీసుకున్నడు," అని నవ్వాడాయన.

ఇక చెప్పక తప్పలేదు. సాయంత్రం తండ్రిని ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి అంకె పెంచింది. నీలాకాశంలోకి నాలుగు కాళ్ల టవర్ వచ్చి నిలబడింది.

"గిదెందుకు పెట్టినవ్? మంచిగున్నదాన్ని ఖరాబ్ చేసినవ్."

"నేను పెట్టలే బాపూ. ముందు కనబడకుండ చేసిన. నిజంగనే ఉన్నది."

బాలప్ప తెర మీంచి కూతురి వైపు తిరిగాడు.

"మందికి దాచిపెట్టినవ్. మరి నాకెందుకు చూపెడుతున్నవ్?"

మర్నాడు పొద్దున జెన్నీ ఆఫీసుకు వెళ్లి అక్కడి ప్రోగ్రాంలోనూ అంకె పెంచేసింది. వారం తిరక్కుండానే శశిధర్ ఆమెను పంపించేశాడు, టవర్‌ను మాత్రం దాచలేకపోయాడు. ఏ అంకె తగ్గించాలో ఆ ఆఫీసులో ఇంకెవరికీ తెలియదు.

టవర్ తెర మీద కనబడటంతో చివరి లైన్లో మిగతా ప్లాట్లు అమ్ముడుపోలేదు. అందువల్ల బాలప్ప ఇంటి చుట్టూ, తెర మీద చూసినంత ఖుల్లాగానే ఉంది. తండ్రీ కూతుళ్లు ఇప్పుడు అక్కడ రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. జెన్నీ రోజూ చందనవెల్లి డేటా సెంటర్‌లో పనికి పోయివస్తోంది.