ఊడని అతుకు

పోయిన ఆదివారం పొద్దున మా మనవరాలు బొమ్మ కార్ల పందెం చూపిస్తానని ఊరికి ఆ చివరనున్న పుంగ్గోల్ వైపు తీసుకెళ్తే, మూరెడు కూడా లేని ఒక బండి గొట్టంలోంచి వచ్చిన పొగకు కళ్ళు మండి అక్కడే గడ్డిలో కూలబడ్డాను. "టాయ్ లా, తాతా. ఎందుకంత భయం?" అంది ఆ పిల్ల, ఇక్కడి ఇంగ్లీషు యాసలో. ఆ బొమ్మకు పోసేది నైట్రో అనే ఇంధనం. ఆ ఘాటు నా ముక్కుకు తగిలి నలభై ఏళ్ళు దాటింది.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సెంబవాంగ్‌లో ఎవరింట్లో చూసినా ఒక్కరైనా షిప్‌యార్డు మనిషి ఉండేవాడు. నేను వెల్డర్ని, మా అక్క మొగుడు ఇంజిన్ ఫిట్టరు. పెట్రోలు బదులు నైట్రో తాగి, పావు మైలు దూరాన్ని గుక్క తిప్పుకునేలోగా దాటేసే టాప్ ఫ్యూయల్ బండిని తన చేతులతో కట్టాలని బావకు ఒకటే పిచ్చి. ఎవరో దొర వదిలేసి పోయిన పెద్ద అమెరికన్ కారు ఇంజిన్‌ను మా షెడ్డులోకి తెచ్చి, పైపులతో పడవంత పొడుగు చట్రంలో కూర్చోబెట్టాడు. అది మొదటిసారి రాజుకున్న రోజు గొట్టాల్లోంచి మంటలు నిలువెత్తు లేచాయి, షెడ్డు రేకులు మేకులు వదిలాయి, నా చెవిలోంచి నెత్తురు కారింది, బావ మాత్రం నవ్వుతూనే ఉన్నాడు.

చట్రానికి రెండు వైపులా, మధ్యలో, ఒక పైపు ఇంకో పైపులోకి జారేలా అతుకును వెల్డింగ్ చేయకుండా వదిలాడు. బండి దూకినప్పుడు చట్రం వెదురులా వంగాలి, వంగితేనే చక్రాలు నేలను పట్టుకుంటాయి, తన ప్రయోగమంతా అదేనని, దాన్ని ముట్టుకోవద్దని పదిసార్లు చెప్పాడు. కానీ నావి ఓడల్లో పని నేర్చిన చేతులు, ఓడలో తెరిచి ఉన్న అతుకంటే నీళ్ళు లోపలికొచ్చే దారి. ఒక మధ్యాహ్నం మాకు అన్నం పట్టుకొచ్చిన అక్క ఆ సందును వేలితో తడిమి, "ఇది ఊడిపోదూ? నా మొగుడు కూర్చునేది ఇందులోనే కదరా. గట్టిగా వేసెయ్, మీ బావకు చెప్పమాకు" అంది. రెండు అతుకులూ నిండా వెల్డింగ్ చేసి, అరగదీసి, నల్లరంగు పూసేశాను.

సముద్రం పూడ్చిన నేల మీద ఇంకా తెరవని కొత్త రోడ్డొకటి ఉంటే, మిట్టమధ్యాహ్నం బండిని అక్కడికి చేర్చాం. బావ కాలితో యాక్సిలరేటర్ నొక్కాడు. వంగాల్సిన చట్రం వంగలేదు. చక్రాలు పట్టు తప్పి బండి ఎగిరెగిరి పడింది, బావ తల హెల్మెట్‌తో సహా కడ్డీలకు టపటపా కొట్టుకుంది, ఆ వెంటనే బండి అడ్డం తిరిగి పల్టీలు కొట్టింది, ఇంజిన్ పేలి ఇనపముక్కలు మా మీదుగా దూసుకుపోయాయి. ఒక ముక్క నా భుజం చీల్చింది, ఆ సంగతి నాకు ఆసుపత్రి దాకా తెలియలేదు. పరుగెత్తి వెళ్ళేసరికి బావ కుడికాలు ఇంజిన్‌కీ రోడ్డుకీ మధ్య నలిగిపోయి ఉంది, ఆయన అరుస్తూ నా చొక్కా పట్టుకు గుంజితే గుండీలన్నీ తెగిపోయాయి. ఆ సాయంత్రమే మోకాలి కింద తీసేశారు.

కొన్ని నెలలకు బావ కర్రల మీద షెడ్డుకొచ్చి, బల్లకు ఆనుకుని, మిగిలిన బండిని పెద్ద సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. చేతులు బొబ్బలెక్కి పగిలినా ఆపలేదు. పైపులన్నీ విరిగి పడ్డాయి, రంగు పెచ్చులూడి నా అతుకు మాత్రం చెక్కుచెదరకుండా బయటపడింది. బొటనవేలితో దాన్ని రాసి చూశాడు. నా పని ఆయనకు తెలియకపోవడమేమిటి! సుత్తి ఎత్తాడు, నన్నే కొడతాడనుకున్నాను, కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. సుత్తి కిందపడేసి, "బాగా వేశావురా. మీ అక్కకు చెప్పమాకు" అన్నాడు.

బావ పోయి ఆరేళ్ళయింది. "మా తమ్ముడు గట్టిగా వేయబట్టే కాలితో పోయింది, లేకపోతే మనిషే దక్కేవాడు కాదు" అని అక్క ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి, నా కంచంలో ఇంకో గరిటె కూర వేస్తుంది. ఆ కాలు తీసింది నా అతుకేనని ఈ వయసులోనైనా చెప్పేద్దామని, ఆ ఆదివారం బొమ్మ కార్ల దగ్గర్నుంచి నేరుగా బుకిట్ బటోక్‌లో ఆమె ఫ్లాటుకు వెళ్ళాను. తలుపు తీసిన అక్క ఆ పొగ పట్టిన నా చొక్కా భుజం దగ్గర ముక్కు పెట్టి, "మీ బావ వాసనరా ఇది" అని చొక్కా వదలకుండానే నన్ను లోపలికి తీసుకెళ్ళి కంచం పెట్టింది. షెడ్డు పోయింది, ఆ రోడ్డు మీద ఇప్పుడు చప్పుడు లేని బస్సులు తిరుగుతున్నాయి, మా చెవులు బద్దలుకొట్టిన కాలమంతా సద్దుమణిగింది. నేను వేసిన అతుకొక్కటే ఇంకా ఊడలేదు. ఆ పూట కూడా తల వంచుకుని అన్నం తిని వచ్చేశాను.