వాలులో రెండో సగం

కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్లుగా అటెండరుగా ఉన్నవాణ్ణి ఎవరూ సార్ అని పిలవరు. "ఏమయ్యా, ఆ మైక్రోస్కోపు ఇలా పట్రా" అంటారు. గాజు పలకలు కడిగి తుడిచి పెట్టెల్లో సర్దడం, సీసాల్లోని వేళ్లకు మందునీళ్లు మార్చడం, పరీక్షల రోజున బల్లల మీద నంబరు చీటీలు అంటించడం అతని పని. పాఠాలు చెప్పేవాళ్లు మారిపోయారు, ఇతను మిగిలాడు. వాళ్లు చెప్పినవన్నీ గోడవారగా నిలబడి విన్నాడు కాబట్టి, వందకు పైగా మొక్కల శాస్త్రీయ నామాలు నోటికొచ్చాయి. ఆ సంగతి గుర్తించింది భార్య ఒక్కతే. ఆవిడ మెచ్చుకున్నదీ లేదు, వినీ వినీ చెవులు దిబ్బళ్లు పడ్డాయి పాపం.

అలాంటివాడికి యాభై దాటాక ఒక రాజ్యం దొరికింది. లైబ్రరీ మేడ మీద గదిలో కుర్రకారు కొందరు చేరి, సెలవుల్లో కొండలెక్కే సంఘం ఒకటి పెట్టుకున్నారు. ఊరికే ఎక్కి దిగడం కాదు, ఎక్కిన చోట చెత్త ఏరడం, ఊటలు శుభ్రం చేయడం, అడవిని తినేసే పరాయి మొక్కలు పీకడం. మొక్కలు తెలిసిన పెద్దమనిషి కావాలని వెతుక్కుంటూ ఇతని దగ్గరికొచ్చారు. మొదటి రోజే ఒక పొడుగాటి కుర్రాడు, అందరూ నిచ్చెన అని పిలిచేవాడు, "సార్, ఈ ఆకేంటి సార్?" అన్నాడు. ఇంకేముంది! మర్నాడు మనిషి టోపీ కొన్నాడు, ఈల కొన్నాడు, ఇంట్లో కూడా గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"మీరు ఎక్కేది కొండా, వాళ్ల నెత్తా?" అని అడిగింది భార్య. అతనికి నవ్వు రాలేదు.

రెండో ఏడు సెలవుల్లో ఎనిమిది మందితో దూరపు కొండలకు బయల్దేరాడు. ఒక పూట బస్సు, రెండు రోజుల నడక. దిగువన బస్సాగే చోట అటవీ ఆఫీసు, అందులో ఒక గార్డమ్మ. ఎండకు నల్లబడ్డ మొహం, తక్కువ మాటలు. ఆవిడ బొమ్మలున్న కాగితం ఒకటి పిల్లలకూ చూపించి అతని చేతికిచ్చింది. అందులో రాసింది ఇదీ: కొండపైన దొంగమొక్క అని ఒకటి అల్లుకుపోయి గడ్డిని చంపేస్తోంది, దాన్ని పీకాలి. అచ్చం అలాగే ఉండే పట్టుమొక్క ఇంకోటుంది, అది మట్టిని పట్టి ఉంచుతుంది, దాని జోలికి పోకూడదు. పూత లేనప్పుడు రెంటికీ తేడా ఒక్కటే, కాడ విరిస్తే పట్టుమొక్కకు పాలొస్తాయి, దొంగమొక్కకు రావు.

"నాకు కాగితం దేనికమ్మా" అని నవ్వి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిజానికి దాన్ని చదవాలంటే కళ్లజోడు పెట్టుకోవాలి, పిల్లల ముందు కళ్లజోడు పెట్టుకోవడం అతనికి నామోషీ.

ఆ ఎనిమిది మందిలో ఒక టైలరు కూతురు ఉంది. పాలిటెక్నిక్ చదువుతోంది, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఏటా గార్డమ్మ ఒకరి పేరు కొండ గైడ్ల శిక్షణకు పంపుతుంది. ఈసారి తన పేరు పంపుతుందేమోనని ఆ పిల్ల ఆశ. ఆ ఆశ సంఘమంతటికీ తెలుసు, సార్‌కీ తెలుసు.

పైకి చేరిన మొదటి రోజు, ఊట పైనున్న ఏటవాలు చూపించి "ఇదే మన శత్రువు, వేళ్లతో సహా లాగండి" అని ఈల ఊదాడు. అందరూ నడుం వంచారు. కాసేపటికి టైలరు కూతురు లేచి వచ్చింది.

"సార్, ఒక్కసారి చూడండి. విరిస్తే పాలొస్తున్నాయి. కాగితంలో..."

"అమ్మాయ్! నువ్వు పుట్టకముందు నించి మొక్కలతో కాపురం చేస్తున్నా. పాలేవో నీళ్లేవో నాకు చెప్తావా? గుండీలు కుట్టుకునే చేతులు, ముందు పీకడం నేర్చుకో."

ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల మొహం కందిపోయింది. తిరిగెళ్లి అందరికంటే ఎక్కువ పీకింది. సాయంత్రానికి సగం వాలు నున్నగా అయిపోయింది. సార్ ఆ బోసి నేల ముందు నిలబడి ఫొటో కూడా దిగాడు.

రెండో రోజు పొద్దున మళ్లీ మొదలుపెట్టారు. పిల్లలు ఎందుకో మాట్లాడకుండా పనిచేశారు. బడలికేమో అనుకున్నాడు. మధ్యాహ్నం ఒక మోపు కడుతుంటే వేళ్లు జిగటగా అంటుకున్నాయి. చూస్తే తెల్లటి పాలు. బండ చాటుకు వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, కాగితం విప్పి చదివాడు. రెండుసార్లు చదివాడు. అప్పటికి వాలు మొత్తం ఖాళీ అయింది.

అప్పుడైనా ఆ బండ చాటు నించి వచ్చి "తప్పయిపోయింది రా" అని ఉంటే కథ వేరుగా ఉండేది. కానీ జీవితంలో మొదటిసారి దొరికిన పెద్దరికాన్ని రెండేళ్లకే వదులుకోవడానికి మనసొప్పలేదు. కాగితం మడిచి జేబులో పెట్టి, "ఇక్కడైపోయింది, అవతలి వాలుకు పోదాం పదండి" అన్నాడు. అవతలున్నది నిజమైన దొంగమొక్కే. ఎందుకు మారామని ఎవరూ అడగలేదు. అడగనందుకు ఊపిరి పీల్చుకున్నాడు, ఊపిరి పీల్చుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

మూడో రోజు గార్డమ్మ పని చూడ్డానికి పైకొచ్చింది. వాడిపోయిన మోపుల ముందు కూర్చుని ఒక కాడ విరిచింది. లేచి అడిగింది.

"ఎవరు పీకమన్నారిది?"

అతని నోటి నించి మాట బయటికొచ్చింది, అదే పాపం. "పిల్లలండీ... ఉత్సాహం కొద్దీ తొందరపడ్డారు."

అన్న తర్వాత తన మాట తనకే వినిపించింది. అప్పుడు టైలరు కూతురు ముందుకొచ్చింది.

"నేనేనండీ. కాగితం చూసింది నేను. పొరబడ్డాను."

గార్డమ్మ ఆ పిల్లను పైకీ కిందికీ చూసింది. "ఈసారి శిక్షణకు నీ పేరే రాద్దామనుకున్నానమ్మా. ఇంత తేడా పట్టలేనిదానివి, రేపు పదిమందిని కొండకేం తీసుకెళ్తావు? ఇంకొకరిని చూస్తాలే" అంది.

అతను వంగి మోపు తాడు బిగించాడు. ఆ రోజంతా పిల్ల వైపు చూడటానికి మొహం చెల్లలేదు. తిండి దగ్గర ఆమె ఎప్పటిలాగే అతని పళ్లెంలో ఉడికిన బంగాళాదుంపలు వేసి, "ఇంకొకటి వెయ్యనా సార్?" అంది. చెంపమీద కొట్టినా బాగుండేదనిపించింది.

తిరుగు నడక రెండు రోజులూ అందరికంటే వెనక నడిచాడు. ఈల తీసి సంచి అడుక్కు తోసేశాడు. ఒక్కో మలుపు దగ్గర ఇప్పుడు చెప్తాను, ఇక్కడ చెప్తాను అనుకున్నాడు. మలుపులు అయిపోయి అటవీ ఆఫీసు వచ్చింది. కిటికీలోంచి చూస్తే, తమకంటే ముందే దిగొచ్చిన గార్డమ్మ బల్ల ముందు కూర్చుని ఏదో ఫారం నింపుతోంది. లోపలికెళ్లాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, ఆ వాలు పీకమన్నది నేను. ఆ పిల్ల మొదటి రోజే పాలొస్తున్నాయని చెప్పింది. నేనే నోరు మూయించాను. వాళ్ల నాన్న పని ఎత్తి వెక్కిరించాను. మీరడిగినప్పుడు పిల్లల మీదకి తోసేశాను."

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. అరుస్తుందనుకున్నాడు, అరవలేదు.

"ఆ పిల్ల పేరు రాస్తాను. కానీ వానలొస్తే ఆ మట్టంతా ఊటలోకి దిగుతుంది. దానికి మీరు చెప్పేదీ లేదు, నేను రాసేదీ లేదు" అని, తలుపు వైపు చూపించింది. "నాతో చెప్పారు సరే. బయట ఎనిమిది మంది ఉన్నారు."

బస్సు కోసం పిల్లలు అరుగు మీద సంచులకు చేరగిలబడి కూర్చున్నారు. వాళ్ల ముందు నిలబడ్డాడు. లోపల చెప్పిందే మళ్లీ చెప్పాడు, తడబడుతూ, ఏదీ తగ్గించకుండా. నేల చీలితే దూరిపోదామన్నంత సిగ్గుగా ఉంది. ఐనా చెప్పాడు.

"తెలుసు సార్" అన్నాడు నిచ్చెన.

"ఏం తెలుసు?"

"అది పట్టుమొక్కని. మొదటి రోజు సాయంత్రమే తెలిసింది. గార్డమ్మ చూపించినప్పుడే కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసుకున్నాను, అందరం చూసుకున్నాం."

అతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. "మొదటి రోజే తెలిస్తే, మరి రెండో రోజు మళ్లీ ఎందుకు పీకారు రా?"

ఒకడు సంచి పట్టీ బిగించుకున్నాడు. చివరికి టైలరు కూతురే చెప్పింది. గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపు కూడా లేదు.

"మీతో ఎవరు చెప్తారు సార్?"

మొదటి రోజు పోయింది సగం వాలే. అది అతని తెలివితక్కువతనానికి పోయింది. మిగతా సగాన్ని, అది మంచి మొక్కని తెలిసీ, ఎనిమిది మంది పిల్లలు తలలు వంచుకుని తమ చేతులతో పీకారు. అతనికి భయపడి పీకారు.